గిడ్డంగిలో అరవై గజాలు

మొన్నామధ్య మా మనవరాలు టీవీలో పరుగు పందేలు పెట్టుకుని కూర్చుంది. ఏదో చలిదేశం. బయట మంచు కురుస్తుంటుందట, అందుకని పెద్ద హాలు కట్టి, పైకప్పు కిందే పందేలు పెడతారట. దేశదేశాల నుంచి వచ్చిన ఆడపిల్లలు వరసగా వంగి నిలబడ్డారు. అరవై మీటర్లు. నేను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునేలోగా పందెం అయిపోయింది.

"అవ్వా, ఇట్లా కప్పు కింద పరుగెత్తేది ఎప్పుడైనా చూసినావా?" అంది మనవరాలు.

"చూసేదేందే, ఒక కొస పట్టుకుని నిలబడినా" అన్నాను.

అది పకపకా నవ్వింది. వేళాకోళం ఆడుతున్నాననుకుంది. దాని తప్పు కాదు, నేను రోజూ ఆడే మాటలు అట్లాగే ఉంటాయి. నా నోటికి ఈ ఇంట్లో భయపడని వాళ్లు లేరు. కానీ ఆ టీవీలో పందెం ముగిసిన చోట నేల మీద ఒక తెల్లగీత తప్ప ఇంకేమీ లేకపోవడం చూసి ఇక కూర్చోలేకపోయాను. లేచి వంటింట్లోకి వెళ్లి, పోపు పెట్టే నెపం మీద ఏడ్చాను. ఎనభై దాటిన మనిషి పరుగు పందెం చూసి ఏడ్చిందంటే ఇంట్లో వాళ్లు డాక్టరుకు కబురు పెడతారు. అందుకని అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది కడప జిల్లాలో మైదుకూరుకు పక్కనున్న పల్లె. మగ్గాల వీధి. మా నాయన చీరలు నేసేవాడు. అమ్మ, అవ్వ రాట్నం మీద కండెలు చుట్టేవాళ్లు. మేమిద్దరం ఆడపిల్లలం, మా అక్క, నేను. నాకంటే అక్క నాలుగేళ్లు పెద్ద. అన్నదమ్ములు లేరు.

మా వీధి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. చీర నేయడానికి ముందు పొడుగు పోగులన్నీ కలిపి పడుగు చేస్తారు. ఆ పడుగుకు గంజి పట్టించాలి. అది ఇంట్లో పట్టేది కాదు. తెల్లవారగానే వీధి పొడుగునా పరిచి, కొయ్యల మీద నడుము ఎత్తున బిగించి, గంజి పూసి, కుంచెతో దువ్వుతారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. ఆ పూట మా వీధిలోకి బండి రాదు, బర్రె రాదు. పిల్లలు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే పడుగు దగ్గర ఆగాలి. జడ చేత్తో పట్టుకోవాలి. వంగి కింద నుంచి దూరాలి. జడ ఎందుకంటే, దాని కొస తగిలినా తడి పోగు తెగుతుంది. నడక నేర్చిన పిల్లకు మా ఇళ్లలో మొట్టమొదట నేర్పేది ఇదే. మా నాయన పిల్లల మీద చెయ్యి ఎత్తే మనిషి కాదు. నన్ను ఆయన కొట్టింది ఒకే ఒక్కసారి, నేను ఆటలో పడి పడుగుకు అడ్డంగా పరుగెత్తి ఏడెనిమిది పోగులు తెంపిన రోజు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పోగులు తెగుతూనే ఉంటాయి. తెగినప్పుడు నాయన ఆ కొస నుంచి "తెగిండాదే" అని కేక వేసేవాడు. గంజి ఆరకముందే అతకాలి. మా అక్క ఈ కొస నుంచి లంగా ఎగ్గట్టి వీధి వీధంతా ఒక్క ఊపిరిలో పరుగెత్తి, తెగిన చోట ఆగి, రెండు కొసలు నలిపి కలిపేది. మళ్లీ ఇంకో చోట కేక. మళ్లీ పరుగు. ఆమె పరుగు నేర్చింది అక్కడే, పోగులు కాపాడుకుంటూ. పొద్దు పొడిచిన దగ్గర నుంచి రెండు గంటల సేపు అట్లా ఉరికి, చద్దన్నం తిని, రెండు మైళ్లు నడిచి నాతో పాటు బడికి వచ్చేది. నేను మాత్రం నడిచినంత సేపూ కాళ్లు నొప్పులని సణుగుతూనే ఉండేదాన్ని.

మా బడి మిషన్ వాళ్లది. అందులో ఎనిమిదో తరగతి వరకే ఉంది. అక్క ఎనిమిదిలో ఉన్నప్పుడు మా టీచరమ్మ ఆమె పరుగు చూసింది. టీచరమ్మ తెల్లచీర కట్టుకునే పొడుగాటి మనిషి, మద్రాసులో చదివొచ్చింది. చర్చి ముందున్న బాట మీద ముగ్గుపిండితో రెండు గీతలు గీసి, అక్కను పరుగెత్తించి, చేతి గడియారం చూసుకుని, మళ్లీ పరుగెత్తించింది. గడియారం చెడిపోయిందేమో అనుకుందట ముందు. ఆ తరవాత కడపకు తీసుకుపోయింది. జిల్లా బడుల పిల్లలందరిలో అక్క మొదట వచ్చింది. కడప నుంచి ఇత్తడి గ్లాసు తెచ్చింది బహుమతిగా. అవ్వ దాన్ని చింతపండు వేసి రోజూ తోమేది.

అప్పుడు కర్నూలు మన రాజధాని. గుడారాల్లో సర్కారు కచేరీలు నడిచే రోజులు. రాష్ట్రంలోని బాలికల బడులకు కర్నూల్లో పందేలు పెడుతున్నారని, గెలిచిన పిల్లను ఉత్తరాదిన జరిగే పోటీలకు పంపుతారని కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నాయన మగ్గం గుంటలోంచి లేవకుండానే ఆమె చెప్పేది విన్నాడు.

"ఏమప్పా, నీ కూతురు కర్నూల్లో గెలిస్తే కడప హాస్టల్లో ఉచితంగా సీటు ఇస్తామన్నారు. తిండీ గుడ్డా సదువూ అన్నీ వాళ్లే సూసుకుంటారు. పది పూర్తయితే మద్రాసులో డ్రిల్లు టీచరు సదువు. నేను మాట్లాడి పెట్టినాను."

 నాయన అడ్డపోగు విసిరే నాడె చేతిలోంచి పక్కన పెట్టి, "నా కండ్లు సూడమ్మా" అన్నాడు. "పొద్దు వాలితే పోగు కనపడ్డంల్యా. ఇంగ రెండేండ్లు నేస్తానో ల్యాదో. మగ్గంలో మనిషి కావల్ల. ఈ యేడు పెద్దదాన్ని కూకోబెడదామనుకుంటాండా."

"ఒక్క పందెం సూడప్పా. దేవుడిచ్చిన కాళ్లు అవి."

అక్క తలుపు వెనక నిలబడి ఉంది. ఆమె గోళ్లతో తలుపు చెక్కను గీరుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. నాయనకు కూడా వినపడిందనుకుంటాను.

"సరే" అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటే. గెలిస్తే సదువుకోనీ, నేను అడ్డం రాను. ఓడిపోతే మాత్రం మగ్గమే. మళ్లా వచ్చి నన్ను అడగాకమ్మా, నీకు దండం పెడతా."

నాయన రాక్షసుడు కాదు. కొందరు ఈ మాటలు చదివి అట్లా అనుకుంటారేమో. ఆయన కళ్లకు పొర కమ్ముతోంది, ఇంట్లో అయిదు నోళ్లున్నాయి, ఆ రోజుల్లో మా వీధిలో కూతురితో అంత ఒప్పందం చేసుకున్న తండ్రి ఇంకొకడు లేడు. అక్కకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర సరిగా లేదు. పక్కలో పడుకుని కాళ్లు ఆడిస్తూనే ఉండేది. "అక్కా, పండుకోనీ" అని నేను విసుక్కునేదాన్ని.

వయసొచ్చిన పిల్లను ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. తోడుగా నన్ను పంపింది. పన్నెండేళ్ల దాన్ని నేనేం తోడు, అయినా సంబరంగా బయలుదేరాను. ఒక రేకు పెట్టెలో ఇద్దరి బట్టలు, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. జడలకు కట్టుకోవడానికి ఎర్ర నూలు ఉండ ఒకటి. రిబ్బన్లు కొనే తాహతు లేదు కాబట్టి మా వీధి పిల్లలందరం మగ్గంలో మిగిలిన నూలే జడలకు కట్టుకునేవాళ్లం. ఆ ఎరుపు మా నాయన స్వయంగా అద్దిన రంగు. బస్సులో నంద్యాల, అక్కడ నుంచి ఇంకో బస్సులో కర్నూలు. టీచరమ్మ దారంతా కీర్తనలు పాడింది. అక్క కిటికీలోంచి చూస్తూ కాళ్లు ఆడిస్తూనే ఉంది.

పందేలు మైదానంలో పెడతారనుకున్నాం. కర్నూలు చేరాక తెలిసింది, అది కుదరలేదని. మైదానమైతే మగవాళ్లు గోడలెక్కి చూస్తారు, మా పిల్లల్ని పంపం అన్నారట తల్లిదండ్రులు. సాయిబుల ఇళ్లలోనే కాదు, అన్ని ఇళ్లలోనూ అదే మాట. అప్పుడు పెద్దలెవరో ఊరి చివర ఖాళీగా ఉన్న పత్తి గిడ్డంగి ఒకటి చూపించారు. పొడుగాటి రేకుల షెడ్డు. మగపురుగు లోపలికి రాకూడదని తలుపులకు గోనెపట్టాలు కట్టారు. వంద గజాల పందెం అందులో పట్టదు కాబట్టి అరవై గజాలు చేశారు. ఆ కొసన గోడకు గుద్దుకోకుండా పత్తి బేళ్లు పేర్చారు. న్యాయం చెప్పేవాళ్లూ ఆడవాళ్లే. ఒక లేడీ డాక్టరు, ఇద్దరు హెడ్మిస్ట్రెస్‌లు, ఒక నర్సు. బురఖాలు తీసి చేతి మీద వేసుకున్న తల్లులు, కొంగులు నెత్తి మీద నుంచి జార్చిన తల్లులు, చంకల్లో పిల్లలు, వక్కాకు వాసన. అంతమంది ఆడవాళ్లు మగవాళ్ల అలికిడి లేకుండా అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. నాకు ఆ చోటు ఎంతో నచ్చింది. ఇప్పటికీ ఆ నచ్చడం గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

పొద్దున విడివిడిగా పందేలు జరిగాయి. వాటికి నేల మీద సున్నం గీత ఒక్కటే. అక్క తన పందెంలో గీత దాటి, బేళ్లలో పడి, వెనక్కి తిరిగి చూసేసరికి మిగతా పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. టీచరమ్మ "స్తోత్రం, స్తోత్రం" అని గొణుక్కుంటూ నా చెయ్యి నలిపేసింది. మధ్యాహ్నం ఆఖరి పందెం. ఆరుగురు పిల్లలు. ఒక్కరిదే గెలుపు.

అంతలో లేడీ డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. ఆఖరి పందేనికి కొసన గీత మీదుగా అడ్డంగా రిబ్బను కట్టాలి, మద్రాసులో అట్లాగే చేస్తారు, చూసేవాళ్లకు కూడా ఎవరు ముందొచ్చారో తెలుస్తుంది అంది. అందరూ సరే అన్నారు. రిబ్బను ఎవరూ తేలేదు. బజారుకు పంపుదామంటే సెలవురోజు, కొట్లు మూశారు. చుట్టూ చూస్తే కొసన బేళ్ల కొద్దీ పత్తి ఉంది, ఒక్క బారెడు నూలు లేదు. ఆడవాళ్లంతా దాని మీద నవ్వుకున్నారు.

"నా దగ్గరుండాది" అని అరిచాను నేను. అందరూ నా వైపు తిరిగారు. పెట్టె తెరిచి ఎర్ర నూలు ఉండ తెచ్చిచ్చాను. "భలే పిల్లవే" అని లేడీ డాక్టరు నా బుగ్గ గిల్లింది. "నీ నూలే కదా, ఒక కొస నువ్వే పట్టుకో" అంది. రెండో కొస నర్సు పట్టుకుంది. మా అక్క గెలిచే పందెంలో నాకూ ఒక ఉద్యోగం దొరికిందని నేను పొంగిపోయాను. పోగు చూపుడువేలికి రెండు చుట్లు చుట్టుకుని, వేలాడకుండా బిగించి పట్టుకున్నాను. వదులుగా పట్టుకుంటే మా వీధిలో తిడతారు మరి.

ఆ పోగును రొమ్ముతో తాకి తెంపుకుంటూ పోవాలని పరుగెత్తే పిల్లలకు ఎవరూ చెప్పలేదు. కర్నూలు పిల్లలు ఇంతకుముందు చూసి ఉన్నారు. మా టీచరమ్మకు అది చెప్పాల్సిన సంగతని తోచలేదు. అన్నం మింగాలని ఎవరైనా చెబుతారా? ఆమె సాలెవాళ్ల ఇంట్లో పుట్టలేదు. పుట్టినదాన్ని నేను. నాకూ తోచలేదు.

రెండు చెక్కలు టప్పుమని కొట్టారు. ఆరుగురు పిల్లలు లంగాలు మోకాళ్ల పైకి బిగించి ఉరికారు. రేకుల కింద ఆ పాదాల చప్పుడు నా చెవుల్లో నిండిపోయింది. సగం దూరం వచ్చేసరికి అక్క ముందుంది. ఇంకొంచెం వచ్చేసరికి ఆమెకూ రెండో పిల్లకూ మధ్య ఇద్దరు మనుషులు పట్టే చోటుంది. రెండో పిల్ల కర్నూలు సాయిబుల అమ్మాయి, సన్నగా, పొడుగ్గా ఉంది. అక్క మొహం నాకు ఎదురుగా వస్తోంది. ఆ మొహంలో ఆయాసం లేదు, ఆనందంగా ఉంది. ఆ ఆనందం నేను చూశాను, అది నా కల్పన కాదు.

అప్పుడామె కళ్లు నా మీద పడ్డాయి. నా చేతి మీదికి దిగాయి. అక్కడ నుంచి పోగు వెంట సాగాయి. మా నాయన అద్దిన ఎర్ర పోగు, నడుముకు కొంచెం పైన, గుంజి కట్టి ఉంది. ఆమె మడమలు నేలను తన్ని పట్టాయి. నా ఎదురుగా ఆగిపోయింది. ఎడమచెయ్యి వెనక్కి పోయి జడను పట్టుకుంది. వంగింది. పోగు కింద నుంచి దూరింది.

తల వచ్చింది, భుజాలు వచ్చాయి, వీపు సగానికి పైగా ఈ పక్కకు వచ్చేసింది. ఆ తరవాతే నా వేలి మీద పోగు చివుక్కుమని గుంజి తెగింది. కర్నూలు పిల్ల రొమ్ము దానికి తగిలింది. ముందు అక్క, తరవాత పోగు తెగడం. పోగు చుట్టింది నా వేలికి, వేలు నాకు చెప్పింది. అక్కడున్న వాళ్లందరిలో ఆ సంగతి ఖాయంగా తెలిసింది నాకొక్కదానికే.

షెడ్డు మొత్తంలో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. టీచరమ్మ పరుగెత్తుకొచ్చి అక్క రెండు భుజాలూ పట్టుకుంది.

"ఏంటికే? ఏంటికి నిలబడితివే?"

అక్క ఇంకా జడ పట్టుకునే ఉంది. "నూలు తెగుతాది గదా టీచరమ్మా" అంది.

ముందు ఎవరో ఒకామె నవ్వింది. తరవాత పక్కామె. ఆ తరవాత షెడ్డంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, పిల్ల అమాయకత్వానికి ముచ్చటపడి నవ్విన నవ్వే, తల్లులు నవ్వే నవ్వే. అయినా నవ్వే కదా. నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. నేనూ నవ్వాను. నా అక్క నలుగురిలో వెర్రిదానిలా నిలబడిందని నాకు సిగ్గేసింది. ఆమెతో కలిసి సిగ్గుపడే బదులు నవ్వేవాళ్లలో కలిసిపోయాను. తెగిన పోగు వేలికి వేలాడుతుండగా అందరితో పాటు నవ్వాను. అక్క నా వైపు చూసింది.

టీచరమ్మ న్యాయం చెప్పేవాళ్లతో పోట్లాడింది. పొద్దున్నుంచి ఈ పిల్లను చూడలేదా, ముందొచ్చింది ఎవరో మీ కళ్లకు కనపడలేదా అంది. వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. అంతలో ఆ కర్నూలు అమ్మాయి, పోగు తెంపిన అమ్మాయే, ఆయాసం తీర్చుకుంటూ వాళ్ల ముందుకు వచ్చి, "ఈమే నాకన్నా ముందుండె అమ్మా" అంది. ఆ మాట చెప్పాల్సిన అవసరం ఆ పిల్లకు ఏముంది? గెలుపు తన చేతికి వచ్చి ఉంది. అయినా చెప్పింది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

పెద్ద హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకుని తీర్పు చెప్పింది. "పాపం మంచి పిల్లే. కానీ ఆగిపోయింది. నూలు తెంపినోళ్లదే గెలుపు. లేకపోతే నూలు కట్టింది ఎందుకు?"

అది నిజమేననిపించింది అందరికీ. నాకు కూడా. నేను చూసింది చెప్పాలని నాకు తోచలేదని అంటే సగం అబద్ధం. తోచింది. కానీ నన్నెవరూ అడగలేదు. ఇప్పుడే నవ్విన నోటితో ఏం చెప్పను? రోజంతా గలగలలాడే దాన్ని, ఆ ఒక్క గడియ రాయిలా నిలబడిపోయాను.

తిరుగు బస్సులో టీచరమ్మ పాటలు పాడలేదు. తప్పంతా నాదే, నాదే అని రెండుసార్లు అంది. అక్క ఆమె చెయ్యి నిమిరింది. ఓడిన పిల్ల గెలిపించలేని మనిషిని ఓదార్చడం చూసి నాకు అప్పుడు ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

ఇంటికి చేరేసరికి నాయన అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టడానికి కళ్లు చికిలించి చూశాడు.

"ఏమాయ పాపా?"

"ఓడిపోతి నాయనా."

అంతే అంది. పోగు సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే నాయన ఏమనేవాడో నాకు తెలుసు. పోగు తెంపని పిల్లను చూసి గర్వపడేవాడు. ఆ గర్వంతోనే కుళ్లి కుళ్లి ఏడ్చేవాడు. అక్క అది ఆయనకు తప్పించింది. ఆయన "సర్లే, కాళ్లు కడుక్కోండి" అని లోపలికి పోయాడు. ఆ వారంలోనే అక్క మగ్గంలో కూర్చుంది. మగ్గం తొక్కేవాళ్లు గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చోవాలి. నడుము దాకా మనిషి నేలలో ఉన్నట్టుంటుంది. బడి నుంచి వచ్చేసరికి నాకు అక్క కాళ్లు కనపడేవి కావు. అది అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. పొద్దున పూట వీధిలో తెగిన పోగులు అతకడానికి ఇప్పుడు నేను పరుగెత్తేదాన్ని. నేను చేరేసరికి గంజి ఆరిపోయేది.

మూడేళ్లకు నా ఎనిమిదో తరగతి అయిపోయింది. టీచరమ్మ మనసులో ఆ బాకీ ఉండిపోయిందేమో, ఎవరెవరి కాళ్లో పట్టుకుని కడప హాస్టల్లో నాకు సీటు ఇప్పించింది. నాయన ఈసారి ఏ షరతూ పెట్టలేదు. "పెద్దది మగ్గంలో ఉండాది గదా, చిన్నది పోనీలే" అన్నాడు. బయలుదేరే రోజు అక్క నాకు జడ వేసింది. బిగించి, నున్నగా దువ్వి వేసింది. నేను ఆమె సీటులోకి పోతున్నానని మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

హాస్టల్లో అందరికీ సాయంత్రం పూట పరుగు తప్పనిసరి. అక్క పరుగు సంగతి విని, ఆమె చెల్లెలంటే ఎంత బాగా పరుగెత్తుతుందో అని ఎదురుచూసిన డ్రిల్లు టీచరు నన్ను చూసి తల పట్టుకుంది. పరుగుకు పనికిరానని తేలాక పందెం కొసన నిలబెట్టి, ఎవరు ముందొచ్చారో చూసే పని ఇచ్చింది. చూడాలంటే నిబంధనలు తెలియాలని ఒక పల్చటి ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. అందులో ఉంది. తలా చేతులూ లెక్కకు రావు, గీతను ఎవరి మొండెం ముందు చేరితే వాళ్లదే గెలుపు. అడ్డంగా కట్టే నూలు చూసేవాళ్ల వీలు కోసమే. దాన్ని పరుగెత్తేవాళ్లు తెంపాలన్న నియమం లేదు.

మళ్లీ చదివాను. తప్పు చదివానేమోనని డ్రిల్లు టీచరుతో చదివించుకున్నాను. ఆమె అదే చెప్పింది. ఆ రాత్రి పుస్తకం మూసినా అదే కళ్ల ముందు కదిలింది. అక్క భుజాలు, అక్క వీపు, ఆ తరవాత నా వేలి మీద చివుక్కుమన్న పోగు. ఆమె ఆగినా, వంగినా, జడ పట్టుకున్నా, పందెం గెలిచింది. అది తెలిసింది ఒక్కరికే, ఆ ఒక్కరు నోరు విప్పలేదు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. మధ్యాహ్నం, అమ్మా అవ్వా పెరట్లో ఉన్నారు. నాయన అరుగు మీద కునుకు తీస్తున్నాడు. అక్క మగ్గంలో ఉంది. గుంట పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పుస్తకంలో ఉన్నది చెప్పాను. నా వేలికి తెలిసింది చెప్పాను.

అక్క నాడె వేయడం ఆపింది.

"అంటే నేను గెలిచినట్టేనా?"

"గెలిచినావక్కా."

"నువ్వు సూసినావా?"

"సూసినా."

 ఆమె నేత మీద నుంచి తల ఎత్తకుండా చాలా మెల్లగా అడిగింది. "మరి ఆ పొద్దు సెప్పలేదేమే?"

  "నన్నెవరూ అడగలేదక్కా" అన్నాను. ఆ మాట ఎంత చచ్చు మాటో అంటూనే తెలిసింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె చెయ్యి చాచి నా తల మీద ఒక క్షణం పెట్టి తీసేసింది. ఆమె మొహం నీళ్లతో తడిసిపోయి ఉంది. నేసిన గుడ్డ మీద ఒక్క చుక్క కూడా పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

అరుగు మీద నాయన దగ్గాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు వంగింది.

"నాయనకు మాత్రం సెప్పాకు. గెలిచిన పిల్లను గుంటలో కూకోబెట్టినానని తెలిస్తే ఆ మనిషి బతకడు."

చెప్పలేదు. నాయన ఇంకో పదకొండేళ్లు బతికాడు. చివరి నాలుగేళ్లు ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఎవరైనా ఇంటికి వచ్చి మగ్గం చప్పుడు విని ఎవరు నేస్తున్నారని అడిగితే, "మా పెద్దది. మంచి పరుగు పిల్ల, కర్నూల్లో ఓడిపోయె, పాపం" అనేవాడు. అక్క లోపల నుంచి అది వింటూనే నేసేది.